రాగిరేకుపై ఆలయాంతరపు వెలుగు

కాగితముపై అచ్చుపడు చిత్రమునందు వెలుగునకు సిరా లేదు. నూనెరంగులతో చిత్రించువాడు కుంచెతో తెల్లరంగు తీసికొని స్తంభముపై పడిన ఎండను వ్రాయగలడు. రాగిరేకును గీసి అచ్చువేయువానికి ఆ సౌకర్యము లేదు. అతని చేతనున్నది నల్లసిరా యొక్కటే; వెలుగు కావలసిన చోట కాగితమును కాగితముగానే విడిచిపెట్టుట తప్ప అతనికి వేరు మార్గము కానరాదు. కావున ఒక గుడినో చర్చినో లోపలినుండి అచ్చుచిత్రముగా చూపదలచినవాడు, స్తంభముల పొడవును కమానుల వంపును కొలుచుటకంటె ముందుగా, ఆ కట్టడమున చీకటి యెచ్చట ఎంత కలదో కొలిచి తెలిసికొనవలసియుండును. ఐరోపాలోని గోతిక్ చర్చిల అంతర్భాగములను చిత్రించుచు అచ్చటి ముద్రాచిత్రకారులు నాలుగు శతాబ్దులుగా పెంపొందించుకొన్న విద్య ప్రధానముగా ఈ కొలతయే. ఆ విద్య మన పూర్వపు నల్లగొండ, పాలమూరు జిల్లాల గుడులలో ప్రవేశింపవలసిన అవసరము నేడు మిక్కుటముగా కలదనియు, అచ్చట దానికి ఐరోపాలో కూడ దొరకని సమస్యలు కొన్ని ఎదురగుననియు నా నిశ్చితాభిప్రాయము. దానిని సకారణముగా నిరూపించుటకే ఈ అధ్యాయము.

వేసవి మధ్యాహ్నమున, నల్లగొండ పట్టణపు అంచుననున్న పానగల్లు గుడి ముంగిట నేలపై పడు వెలుగు సుమారు 1,00,000 లక్స్‌లు. లక్స్ అనునది ఒక చదరపు మీటరు మేరపై పడు వెలుగును తెలుపు కొలమానము. మండపమున కాలు పెట్టునప్పటికి ఆ సంఖ్య కొన్ని వందలకు దిగిపోవును. గర్భాలయపు మూలలలో, దీపము తప్ప వేరు ఆధారము లేని చోట, పది లక్స్‌ల లోపే యుండుట సాధారణము. అనగా కొద్ది అడుగులు నడచునంతలో వెలుగు పదివేలవ వంతునకు క్షీణించినది. నడచినవానికి మాత్రము అంత ఘోరమైన మార్పు జరిగినట్లు తోచదు. మన కనుపాప వ్యాసము ఎండలో రెండు మిల్లీమీటర్లు, చీకటిలో ఎనిమిది మిల్లీమీటర్ల వరకు ఉండును. వ్యాసము నాలుగింతలైనప్పుడు వైశాల్యము పదునారింతలగును గాన, కనుపాప విప్పారుటవలన కలుగు లాభము పదునారు రెట్లు మాత్రమే. తక్కిన సర్దుబాటంతయు కంటిలోపలి రెటీనా పొరలో జరుగును. ఎండకు వివర్ణమైపోయిన దృష్టివర్ణకము చీకటిలో క్రమక్రమముగా మరల కూడుకొనుచుండగా, దండాకారపు కణములు మేల్కొని, అంతవరకు గోచరింపని వస్తువులను చూపనారంభించును. ఇది పూర్తియగుటకు ఇంచుమించు అరగంట పట్టును. గుడిలోనికి అప్పుడే వచ్చిన యాత్రికునకు నల్లని గోడగా కనిపించినదానియందు, ఉదయమునుండి లోపలనే మసలుచున్న అర్చకునకు లతలు, హంసలు, ద్వారపాలకులు స్పష్టముగా కనబడుటకు కారణమిదియే. అట్లయినచో, లోగుడిని చిత్రించువాడు ఎవని కంటికి కనబడిన గుడిని చిత్రింపవలెను? గడప దాటిన తొలి నిమిషపు గుడినా, అరగంట కూర్చున్నవాని గుడినా? ఫోటోయంత్రము ఈ ప్రశ్నను ఎదుర్కొనజాలదు, దానికి ఒక్క క్షణమే తెలియును గనుక. చిత్రకారునకు మాత్రము ఇది తప్పించుకొన వీలులేని ప్రశ్న.

కాగితము తెచ్చు చిక్కు దీనికి తోడగుచున్నది. మంచి తెల్లకాగితము తనపై బడిన వెలుగులో నూటికి ఎనుబది పాళ్లు తిరిగి పంపును. చిక్కగా అచ్చుపడిన నల్లసిరా మూడు నాలుగు పాళ్లు పంపును. ఈ రెంటికిని గల తారతమ్యము ఇరువది, ఇరువదియైదు రెట్లకు మించదు. పదివేల రెట్ల మేర వ్యాపించిన లోకమును ఇరువదియైదు రెట్ల హద్దులలో ఇముడ్చుట సాధ్యమగుటకు ఒక్కటే హేతువు: కన్ను వెలుగుయొక్క మొత్తమును గాక, ప్రక్కప్రక్కనున్న వెలుగుల నిష్పత్తిని ఎక్కువగా పట్టించుకొనును. చిత్రకారుడు ఆ ఇరువదియైదు రెట్లను ఐదు మెట్లుగా విభజించినచో ఒక్కొక్క మెట్టు పై మెట్టుకంటె దాదాపు రెండింతలు చీకటిగా నుండును. ఆ మెట్ల వరుస తప్పకున్నంతవరకు, చూపరికి గుడిలోని చీకటి గుడిచీకటిగానే తోచును. వరుస తప్పినచో ఎంత నిపుణముగా గీసిన స్తంభమైనను కాగితమునకు అతుక్కొనిపోవును.

ఇక రాగిరేకు సంగతి. రాగిపై చెక్కుట మన సీమకు క్రొత్త గాదు. నల్లగొండ సీమలో తుమ్మలగూడెమను పేరిట నేడు పిలువబడు ప్రాచీన ఇంద్రపాలనగరమునందు విష్ణుకుండిరాజుల తామ్రశాసనములు రెండు దొరకినవి; వానిలో విక్రమేంద్రభట్టారకుని శాసనము శకవర్షము 488, అనగా క్రీ.శ. 566 నాటిది. పదునాలుగు శతాబ్దులకు పూర్వమే ఈ నేలపై రాగిని నునుపుచేసి, గంటముతో అక్షరములు తొలిచిన చేతులుండెనని దీనివలన తేటపడుచున్నది. ఆ గాళ్లలో సిరా నింపి, పైపైనున్నది తుడిచి, తడికాగితముతో అదిమియుండినచో తొలి ముద్రాచిత్రము పుట్టియుండెడిదే. కాని ఆనాడు మన దేశమున కాగితము లేదు, రేకును గట్టిగా అదుము యంత్రమును లేదు. ఐరోపాలో ఈ కళ పదునైదవ శతాబ్దిలో కంసాలుల పనిముట్లనుండి పుట్టినది. మన శాసనపరిశోధకులు తరువాతి కాలమున చేసినది మరియొక విధమైన ముద్రణ: తడికాగితమును శాసనశిలపై పరచి, కుచ్చుతో కొట్టి అక్షరముల గుంటలలోనికి దింపి, పైన సిరామూట అద్దుదురు, ఉబ్బెత్తు భాగము నల్లబడును, గుంటలో దిగిన అక్షరము తెల్లగా నిలుచును. ఎస్టాంపేజి యనబడు ఈ పద్ధతిలో గుంట వెలుగు. రాగిరేకు ముద్రణలో గుంట చీకటి. ఈ భేదమును మనస్సున నుంచుకొనినచో ముందు చెప్పబోవునది సులభమగును.

ఎచింగు అనబడు ప్రక్రియయందు రేకును గంటముతో బలముగా తొలువరు. నునుపుచేసిన రాగిరేకుపై మైనము, సర్జరసము, శిలాజతువు కలిపిన పలుచని పూత పూసి, దీపపు మసితో దానిని నల్లజేసి, సూదితో మృదువుగా గీయుదురు. సూది గీచిన చోట పూత తొలగి రాగి బయటపడును. పిమ్మట రేకును ఆమ్లములో ముంచుదురు. నత్రికామ్లమైనచో గీతలవెంట బుడగలు లేచి గోధుమవన్నె విషవాయువు వెలువడును గాన, నేటి కార్యశాలలు ఫెర్రిక్ క్లోరైడును వాడుట మేలని నేర్చుకొన్నవి. ఎలక్ట్రానిక్ పరికరముల సర్క్యూట్ బోర్డులపై రాగిని తినివేయునదియు ఈ ద్రావణమే. ఆమ్లము ఎంతసేపు తినిన గీత అంత లోతగును. లోతైన గీత ఎక్కువ సిరాను పట్టును. ఎక్కువ సిరా ఎక్కువ చీకటి. కావున చిత్రకారుడు కొన్ని నిమిషములకు రేకును బయటికి తీసి, కడిగి, వెలుగుగా నుండవలసిన గీతలను వార్నీషుతో మూసివేసి, తక్కినవానిని మరల ముంచును. మరల తీయును, మరల మూయును. పోచంపల్లి నేతగాడు నూలుపోగులను కట్టుకట్టి రంగులో ముంచి, కట్టిన మేరకు రంగు సోకకుండ కాచినట్లే, ఇతడు మూసిన మేరకు ఆమ్లము సోకకుండ కాచును. లోగుడిలోని చీకటిమెట్లు ఈ విధముగా నిమిషముల లెక్కగా మారును: కిటికీ ప్రక్కనున్న గీత మూడు నిమిషములు, స్తంభపు నీడ పది, కప్పుమూల అరగంట. కాలమును చీకటిగా మార్చు ఈ పద్ధతిలో నాకు కనబడు సౌందర్యము, పూర్తియైన చిత్రములందు కనబడు సౌందర్యమునకు తీసిపోదు.

గీతలు నీడగా కనబడుటకు కంటి బలహీనతయే కారణము. రెండు గీతలు కంటివద్ద ఒక కోణీయ నిమిషముకంటె తక్కువ ఎడముగానున్నచో మన కన్ను వానిని విడదీయలేదు. నలుబది సెంటీమీటర్ల దూరమున పట్టుకొని చూచినప్పుడు ఈ ఎడము మిల్లీమీటరులో సుమారు ఎనిమిదవ వంతు. అంతకంటె దగ్గరగా గీచిన గీతలు కలిసిపోయి బూడిదవన్నె నీడయగును. దూరముగా గీచినవి గీతలుగానే కనబడును. ఉద్దండులైన చిత్రకారులు ఈ హద్దునకు ఇటునటు మసలుచు, నీడలోపల సైతము గాలియాడునట్లు చేయుదురు.

గోతిక్ చర్చి ఈ కళకు అంతటి ప్రియవస్తువగుటకు కారణము దాని నిర్మాణశాస్త్రమునందే యున్నది. అర్ధవృత్తాకారపు కమాను ఎత్తు దాని వెడల్పులో సరిగా సగము; వెడల్పు మారినచో ఎత్తును మారక తప్పదు. వెడల్పునకు సమానమైన వ్యాసార్ధముతో రెండు చాపములను కలిపి మొనదేల్చిన కమాను ఎత్తు వెడల్పులో 0.866 వంతు, వ్యాసార్ధమును మార్చి ఆ మొనను ఇంకను పైకి లేపవచ్చును, క్రిందికి దింపవచ్చును. వెడల్పులు వేరైనను కప్పులన్నియు ఒకే ఎత్తున కలియుటకు ఇది వీలిచ్చెను. మొనదేలిన కమాను ప్రక్కలకు తన్నుబలము తక్కువ. ఆ మిగిలిన బలమును గోడ వెలుపలనున్న ఊతకమానులు మోసికొనును. గోడకు బరువు తగ్గగానే గోడయున్న చోట అద్దము వచ్చెను. పారిసు సమీపమున సెయింట్ డెనిస్ మఠపు చర్చిలో 1144లో ప్రతిష్ఠింపబడిన భాగము ఈ పద్ధతికి ఆద్యమని చెప్పుదురు. ఆమియెన్ చర్చి కప్పు సుమారు 42 మీటర్ల ఎత్తున నిలిచినది. దానిని మించదలచి సుమారు 48 మీటర్లకు లేపిన బోవే చర్చి కప్పు 1284లో కొంత కూలినది. ఇట్టి కట్టడమున వెలుగు చాల ఎత్తునుండి, వాలుగా, స్తంభముల నడుమ దిగును. మొనదేలిన కమాను మన మసీదులలోను, 1591 నాటి చార్మినారులోను మన కన్నులకు పరిచితమే. కాని ఆ ఎత్తునుండి దిగు వెలుగును ఈ ప్రాంతమున చూడగోరువాడు మెదకునకు పోవలెను.

మెదక్ చర్చి నిర్మాణము 1914లో ఆరంభమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. ఆంగ్లేయ మతగురువు చార్లెస్ వాకర్ పాస్నెట్, కరువున నలిగిన జనులకు పనియు కూలియు దొరకునట్లు దీనిని తలపెట్టెను. నమూనా థామస్ ఎడ్వర్డ్ హార్డింగుది. నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురము, ఐదువేల జనము కూర్చుండగల మధ్యశాల. దీనికి ప్రాణమైనవి మూడు రంగుటద్దముల కిటికీలు. ఫ్రాంక్ సాలిస్‌బరీ చిత్రించిన వీనిలో ఆరోహణపు కిటికీ 1927లోను, జననపు కిటికీ 1947లోను, సిలువ కిటికీ 1958లోను అమర్చబడినవి. ఒక్క నల్లసిరాతో రంగుటద్దమును చూపుట యెట్లు? ఇచ్చట ముద్రాచిత్రకారునకు శరీరధర్మశాస్త్రము అక్కరకు వచ్చును. పట్టపగలు మన కన్నులకు పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ అన్నిటికంటె కాంతిమంతముగా తోచును. చీకటి ముసురుకొన్న కొలదియు దండకణముల ప్రాబల్యము హెచ్చి, నీలము తేటపడి, ఎరుపు నల్లబడిపోవును. పంతొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే దీనిని గుర్తించెను. ఉదయారాధనవేళ మెరసిన ఎర్రని అంగవస్త్రము సాయంకాలమునకు నల్లని మచ్చగా మారును. నీలాకాశము మాత్రము వెలుగుచునే యుండును. కావున రంగుటద్దపు కిటికీని చెక్కువాడు ఏ రంగునకు ఏ నలుపో ముందుగా పట్టిక వ్రాసికొనిన చాలదు; ఏ వేళ నలుపో నిర్ణయించుకొనవలెను. ఉదయపు చిత్రమున అంగీ తెలుపు, సంధ్యాచిత్రమున అదే అంగీ నలుపు, రెండును సత్యమే.

అంతర్భాగచిత్రములలో నన్ను మిక్కిలి కదలించునవి వెంట్సెస్లాస్ హోలార్ చిత్రించినవి. 1607లో ప్రాగు నగరమున జన్మించి, ఆంగ్లప్రభువు ఒకని ఆశ్రయమున లండను చేరి, 1677లో అచ్చటనే మరణించిన ఈ శ్రమజీవి రెండువేలకు పైగా రేకులు చెక్కెను. విలియం డగ్డేల్ 1658లో ప్రకటించిన సెయింట్ పాల్ చర్చి చరిత్రమునకై ఇతడు ఆ పాత చర్చి లోపలి భాగములను ఎచింగు చేసెను: గుండ్రని కమానులతో అంకణము వెంట అంకణముగా దూరమునకు సాగిపోవు మధ్యశాల, మొనదేలిన కమానులతో దాని ఆవలి గానశాల, చివర గోడపై చక్రాకారపు పెద్ద కిటికీ. ఇతని చేతిలో నల్లని చీకటి లేదు. సన్నని, సమానమైన, వెండివంటి గీతలు. ఆమ్లమును కొద్దిసేపే తిననిచ్చి, నీడను గీతల దగ్గరితనముచేతనే సాధించెను. దూరమున నున్న స్తంభముల గీతలు ముందరివానికంటె లేతగానుండును గాన, చర్చి పొడవును కన్ను నడచి కొలుచునట్లుండును. చిత్రకారుడు ఎడమను కుడిగా, కుడిని ఎడమగా రేకుపై గీసికొననిచో అచ్చుచిత్రము అద్దములోని చర్చి యగును. హోలార్ ఈ తారుమారును మనస్సున జరుపుకొనుచు వందలకొలది శిల్పవివరములను తప్పక దించెను. 1666 సెప్టెంబరులో లండను మహాగ్నిప్రమాదమున ఆ చర్చి దగ్ధమయ్యెను. దానిస్థానమున క్రిస్టఫర్ రెన్ నిర్మించిన నేటి చర్చి వేరొక కట్టడము. పాత సెయింట్ పాల్ లోపల నిలుచుండి చూచుట యెట్లుండెనో తెలిసికొనుటకు లోకమునకు మిగిలిన ముఖ్యాధారము ఆ రాగిరేకులే. అగ్నికి ఎనిమిదేండ్లకు పూర్వమే అవి అచ్చుపడినవి.

హోలార్ తరువాత చీకటిని ఇంకను సూటిగా పట్టుకొను పద్ధతులు వచ్చినవి. అక్వాటింటునందు సర్జరసపు పొడిని రేకుపై చల్లి వేడిచేసి, రేణువుల నడుమ ఆమ్లమును తిననిచ్చుటచే, గీత లేకుండగనే నీళ్లరంగు వంటి నీడ పడును. థామస్ డానియల్, అతని అన్నకొడుకు విలియం డానియల్ మన దేశమున 1786 నుండి 1793 వరకు సంచరించి, తిరిగిపోయి 144 అక్వాటింటులుగా వెలువరించిన గ్రంథమునందు ఎలిఫెంటా గుహలు ఈ పద్ధతిలోనే వెలసినవి. 1642లో లుడ్విగ్ ఫాన్ సీగెన్ కనిపెట్టిన మెజోటింటు దీనికి విపరీతము: పండ్లుగల ఉలితో రేకునంతటిని గరుకుచేసినచో అచ్చు సంపూర్ణముగా నల్లగా పడును, పిమ్మట గరుకును గీకి, మెరుగుపెట్టి, చీకటిలోనుండి వెలుగును వెలికి తీయుదురు. పదునెనిమిది, పంతొమ్మిదవ శతాబ్దులలో చర్చిల అంతర్భాగములకు గిరాకి హెచ్చి ఎందరో పనిచేసిరి. వారందరిని పేర్కొనుట ఇచ్చట అనవసరము. జేమ్స్ ఫెర్గుసన్‌ను మాత్రము విడువరాదు. 1845లో ఇతడు ప్రకటించిన భారత గుహాలయముల శిలాముద్రణ చిత్రములకు ఆధారమైన రేఖలను, దృశ్యము కాగితముపైనున్నట్లు కంటికి చూపు కెమెరా లూసిడా యను పట్టకపు పరికరముతో గీసెను. కార్లే చైత్యగృహము లోపల నిలిచి, స్తంభపంక్తులు, ప్రక్కశాలలు, అర్ధవృత్తాకారపు అంతము చూచినవానికి ఇంగ్లండులోని నార్విచ్ చర్చి గానశాల జ్ఞప్తికి వచ్చినది. కొలతలును దగ్గరగానే యున్నవని అతడు వ్రాసెను. పూర్వపు నల్లగొండ జిల్లాలో ఫణిగిరి కొండపై చైత్యగృహముల పునాదులు ఆ అర్ధవృత్తాకారమునే చూపుచున్నవి. కప్పు మిగులలేదు గనుక వాని లోపలి వెలుగు మనకు శాశ్వతముగా దూరమైనది.

మన రాతిమండపములందు వెలుగు ప్రవేశించు దారి గోతిక్ దారికి విలోమము. రాయి నొక్కుడుబలమును భరించునంతగా సాగుడుబలమును భరింపలేదు. దూలముగా వేసిన రాయి అడుగుభాగము సాగుడునకు లోనగును గాన, స్తంభములు దగ్గరగా నుండక తప్పదు, కప్పు పల్లమునకు దిగక తప్పదు. పైనుండి వెలుగు రాదు. చూరు క్రిందుగా, ప్రక్కలనుండి అడ్డముగా చొరబడిన వెలుగు నేలబండలపై పడి, అచ్చటనుండి పైకెగసి కప్పును క్రిందినుండి వెలిగించును. కాకతీయుల నాటి మండపములలో కప్పుమీది పద్మములు, అష్టదిక్పాలకులు అంత స్పష్టముగా కనబడుట ఈ నేలవెలుగుచేతనే. చర్చి చిత్రములు చూచి నేర్చుకొన్న విద్యార్థి అలవాటుచొప్పున కప్పును చీకటిచేసి నేలను లేతచేసినచో మండపము మండపముగా తోచదు. దూలపు అడుగుతట్టు తెలుపు, ప్రక్కతట్టు నలుపు కావలెను. అలంపురము దీనికి కొంత అపవాదము. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మాలయములందు రెండు స్తంభపంక్తులు శాలను మధ్యభాగముగను ప్రక్కశాలలుగను విభజించుటచే చర్చి పొందిక కొంత గోచరించును. గర్భాలయము చుట్టునున్న లోపలి ప్రదక్షిణపథమునకు రాతిజాలకములగుండ వెలుగు ముక్కలుముక్కలుగా పడును. ఆ జాలకములయెదుట నిలుచువానికి ఎచింగుకంటె అక్వాటింటే తగినదని నా తీర్పు. అచ్చట గీతలకంటె మచ్చలు ప్రధానము.

ఈ రెండు జిల్లాలలో అత్యంత కఠినమైన చిత్రవస్తువు పానగల్లులోని ఛాయాసోమేశ్వరాలయము. నల్లగొండ పట్టణపు అంచున, ఉదయసముద్రము చెరువు సమీపమున, కందూరు చోళులు కట్టించిన ఈ త్రికూటాలయమున మూడు గర్భాలయములు ఒకే మండపమును చుట్టియుండును. శివలింగము వెనుకటి గోడపై నిలువు స్తంభమువంటి నీడ పగలంతయు కదలక నిలుచును. సూర్యుడు తూర్పునుండి పడమరకు సాగుచుండగా నీడ కదలకపోవుట యెట్లని జనులు అబ్బురపడుట సహజము. దీనికి కారణము సూర్యబింబము ఆ గోడను నేరుగా వెలిగింపకపోవుటయే. అచ్చటి వెలుగు వెలుపలి ఆకాశమునుండి, ముంగిటి నేలనుండి చెదరి, మండపపు స్తంభముల నడుమ సందులగుండ లోనికి వచ్చినది. ఆ సందులు స్థిరములు, స్తంభములు స్థిరములు, అందుచే రెండు ప్రక్కల వెలుగునకు మిక్కిలి తక్కువగా అందు నడిమి పట్టీయును స్థిరము. సూర్యుని గతిచే వెలుగు హెచ్చుతగ్గులగునే గాని నీడ చోటు మారదు. నీడ ఏ స్తంభమునకు చెందినదో వెదకువారు విసుగెత్తిపోవుటయు ఇందుచేతనే; అది ఒక్క స్తంభపు నీడ కాదు, పెక్కు స్తంభములు కలిసి ఏర్పరచిన నీడ.

సూర్యుని వంటి చిన్న బింబమునుండి వచ్చు వెలుగు గట్టి అంచుగల ప్రచ్ఛాయను చేయును. విశాలమైన సందునుండి వచ్చు వెలుగు అంచుల వెంట మెల్లమెల్లగా కరిగిపోవు ఉపచ్ఛాయను చేయును. ఛాయాసోమేశ్వరుని నీడలో ఉపచ్ఛాయదే పెద్ద భాగము. దానిని సూదిగీతతో హద్దుకట్టినచో అసత్యమగును. ఇది మెజోటింటు పని: రేకునంతటిని చీకటిచేసి, నీడకు ఇరుప్రక్కల గోడను గీకి వెలికితీయుచు, అంచువద్ద చేయి తేలికపరచుట. లింగపు నునుపురాతిపై తళుకు ఒక్కటే తెల్లని కాగితముగా మిగులవలెను. మండపమును ఎచింగుగా, గర్భాలయమును మెజోటింటుగా ఒకే రేకుపై కలుపుట కష్టసాధ్యమేగాని అసాధ్యము గాదు. చూపరి గడప దాటిన తొలి నిమిషమును, అరగంట తరువాతి క్షణమును ఒకే చిత్రమున అనుభవించుటకు ఇంతకంటె మంచి ఉపాయము నాకు తోచుటలేదు.

ఇదంతయు కళావిలాసమునకే యైనచో నేనింత దూరము వ్రాసియుండను. శ్రీశైలము ఆనకట్టచే కృష్ణ వెనుకకు పొర్లినప్పుడు పాలమూరు జిల్లాలో ఎన్నో గ్రామములు, గుడులు నీటిపాలైనవి. కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లిలో వెలసిన చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయమును పురావస్తుశాఖవారు రాయిరాయిగా విప్పి, గుర్తులు వేసి, అలంపురమున మరల నిలబెట్టిరి. జటప్రోలు, సోమశిలల ఆలయములును ఇట్లే తరలినవి. ఆ శ్రమకు మనమెంత ఋణపడియున్నను తీరదు. రాయి తరలినది, కొలతలు తరలినవి. రెండు నదుల నీటిపైనుండి ఎగసి ఆ మండపపు కప్పును తాకిన వెలుగు మాత్రము తరలలేదు. నీటిమీద పడిన ఎండ నేలబండలపై పడిన ఎండవలె నిలుకడగా నుండదు, కప్పుపై ఆడుచుండును. ఆ ఆటను ఎవడైనను ఒక రేకుపై పట్టియుండినచో, హోలార్ రేకులు పాత సెయింట్ పాల్ చర్చికి చేసిన ఉపకారమే అది సంగమేశ్వరునకు చేసియుండెడిది. ఫోటోలు, నక్షాలు ఉన్నవి గదా యనువారికి నా సమాధానమొక్కటే: నక్షా కొలతను దాచును, ఫోటో ఒక క్షణమును దాచును, కన్ను చీకటికి అలవాటుపడు క్రమమును దాచునది ఓపికతో చెక్కిన చిత్రమే.

చేయదగినవారు మనలో లేకపోలేదు. పూర్వపు మెదకు జిల్లాలోని నిజాంపురమున 1940లో జన్మించి, హైదరాబాదులోను బరోడాలోను చదివి, ఎచింగు సూదిని తెలంగాణ పల్లెజీవితపు భాషగా మార్చిన లక్ష్మాగౌడ్, హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఏండ్లతరబడి బోధించెను. ఆయన మేకలు, చెట్లు, స్త్రీపురుషులు రాగిరేకుపై ఎంత సహజముగా ఊపిరి పీల్చునో చూచినవారికి, ఈ విద్య పరాయిదన్న అనుమానము మిగులదు. ఎచింగు ప్రెస్సులు మన చిత్రకళాశాలలలో ఉన్నవి, రాగి దొరకును, ఫెర్రిక్ క్లోరైడు దొరకును. కొరవడినది గుడిలో అరగంట మౌనముగా కూర్చుండు అలవాటొక్కటే.

అందుచే చిత్రకళాశాలల అధ్యాపకులకు, విద్యార్థులకు నా విన్నపము: పానగల్లుతో మొదలుపెట్టుడు, పిదప అలంపురమునకు పొండు. లక్స్‌మీటరు ఒకటి వెంట తీసికొనిపోయి గడపనుండి గర్భాలయము వరకు వెలుగును కొలిచి వ్రాసికొనుడు. చిత్రించిన మాసమును, వేళను, నిలుచున్న స్థలమును రేకు అంచున చెక్కుడు. కుడియెడమలు తారుమారు కాకుండ చూచుకొనుడు. అచ్చువేసిన ప్రతులలో ఒక్కటి పానగల్లు మ్యూజియమునకు ఈయుడు.